చేమంతి మడిలో ఎనిమిదో దీపం

చినగరువు,
2 ఆగస్టు 2004

బావమరిది జగన్నాథరాజుకి పాపారాజు ఆశీస్సులు.

నాగపూర్ నుంచి నువ్వు పంపిన పెట్టె చేరింది. పోస్టుమాన్ అప్పారావు దాన్ని సైకిలు మీంచి దించుతూ, "లోపల గలగలమంటందండి రాజుగారూ. నా సైకిలెక్కక ముందు నుంచే గలగలమంటందండి, మీరది గుర్తెట్టుకోవాలి" అని ముందే చేతులు దులుపుకున్నాడు. విప్పి చూస్తే ఏదీ పగల్లేదు. గలగలమన్నవి దీపాల కాళ్లు.

పెట్టెలో ఒక కాగితం ఉంది. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు చైనా భాష. నా ఇంగ్లీషు ఎరువు బస్తాల మీద నేర్చుకున్నదని నీకు తెలుసు. తడి తగలకుండా నిల్వ చేయవలెను అన్నంత వరకూ ధారాళంగా చదవగలను. తోటలో వానకి తడిసే దీపానికి ఆ వాక్యం ఉండదు కదా, అందుకని నా చదువు అక్కడితో ఆగింది. చైనా వైపు ఇంకా నయం, అర్థం కాలేదన్న బాధ లేదు.

సరే, బొమ్మలు చూసి బిగించాను. పుట్టగొడుగులాంటి తల, దాని నెత్తిన నల్ల అద్దం పలక, కింద గొట్టం, గొట్టానికి మేకులాంటి కాలు. తల అడుగున పల్చటి ప్లాస్టిక్ ముక్కొకటి నాలిక బయటపెట్టి వెక్కిరిస్తూ ఉంది. లాగి పారెయ్యమని బొమ్మలో ఉంది, లాగాను. ఏడింటికి బుద్ధిగా వచ్చింది. ఎనిమిదోదానికి సగంలో తెగి చేతికొచ్చింది. అంత పల్చటి ముక్క చేసే పనేముంటుందిలే అని వదిలేశాను.

నువ్వు చెప్పినట్టే మీ అక్క చేమంతి మడిలో గుచ్చాను, మొక్కల నడుమ, మొక్కల ఎత్తునే. ఆ మడి సంగతి నీకు నేను చెప్పేదేముంది. కాపురానికి వచ్చిన రోజున మీ అమ్మగారి పెరట్లోంచి తడిగోనెలో చుట్టుకుని తెచ్చుకున్న పిలకలవి. ఏటా పిలకలు విడదీసి నాటేది. కార్తీక పౌర్ణమికి మొదటి బుట్ట పాలకొల్లు క్షీరారామలింగేశ్వరుడికి వెళ్లాలి, తరవాతే మిగతావాళ్లకి. పోయేముందు రత్నమాణిక్యం నాకు అప్పజెప్పిన పని అదొక్కటే. పొలం గురించి ఒక్క మాట అనలేదు, పిల్లల గురించి అనలేదు. "మడి ఎండనివ్వకండి, పౌర్ణమికి పూలు తప్పనివ్వకండి" అంది. నిరుడు తప్పలేదు. ఈ ఏడూ తప్పకూడదు.

అసలావిడ ఉండగా ఆ మడి దగ్గర దీపమన్న మాటే లేదు. చెబితే నవ్వుతావు. మేం నలుగురం సాయంత్రాలు పెరటి అరుగు మీద పెట్రోమాక్స్ లైటు పెట్టుకుని పేకాట వేసేవాళ్లం కదా. వినాయక చవితి వెళ్లిందంటే చాలు, ఆవిడ చీకటి పడగానే వచ్చి లైటు ఎత్తుకుపోయి వీధి అరుగు మీద పెట్టేసేది. మాటా పలుకూ లేదు. మేం ముక్కలు పట్టుకుని దీపప్పురుగుల్లా వెనకాలే వెళ్లేవాళ్లం. వీధిలోనైతే వచ్చేపోయేవాళ్లు చూస్తారు, సిగ్గుపడి మానేస్తామని ఆవిడ ఎత్తు. పేకాటంటే అంత మంట. సిగ్గు పడ్డవాడెవడూ లేడనుకో.

ఇంతకీ నీ దీపాలు వెలగలేదు. సాయంత్రం కుర్చీ వేసుకుని కూచున్నాను. కొబ్బరికాయలు దింపే చిట్టియ్యని కూడా పిలిచి కూచోబెట్టాను, చూడ్డానికి ఒక్కడినే ఎందుకని. చీకటి పడింది, దోమలొచ్చాయి, చిట్టియ్య వెళ్లిపోయాడు. దీపాలు రాలేదు.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఫోన్లో నాకు సగమే వినపడుతుంది. మిగతా సగం ఊహించుకుంటాను. ఆ ఊహలో నువ్వెప్పుడూ నన్ను తిడుతూనే ఉంటావు. ఉత్తరమైతే నిజంగా తిట్టావో లేదో ఇంకోసారి చదివి చూసుకోవచ్చు. ఏం చెయ్యాలో రాయి.

వెలుగు కోసం కూచున్న మీ బావ,
పాపారాజు


నాగపూర్,
14 ఆగస్టు 2004

పూజ్యులైన బావగారికి జగన్నాథరాజు నమస్కారములు.

మీ ఉత్తరం అందింది. విప్పిన రోజునే వెలగమంటే ఎలాగండీ? అవి కరెంటు దీపాలు కావు. ముందు వాటికి ఎండ తినిపించాలి. తల అడుగున వేలి గోరంత స్విచ్చి ఉంటుంది. అది ఆపేసి రెండు మూడు మంచి ఎండలు తగలనివ్వండి. ఆ తరవాత స్విచ్చి వేస్తే చీకటి పడగానే వాటంతటవే వెలుగుతాయి, తెల్లారితే వాటంతటవే ఆరిపోతాయి. కొబ్బరిచెట్ల నీడలో పెట్టకండి. నల్ల పలక మీద దుమ్మూ పిట్టల రెట్టా లేకుండా మెత్తటి తడిగుడ్డతో తుడవండి. మసిగుడ్డతో కాదు, గీతలు పడతాయి. వరండా బల్బు వెలుతురు వాటి మీద పడకూడదు. పడితే ఇంకా పగలే అనుకుని వెలగవు. ముప్పై ఏళ్లు రైల్వేలో ఫిట్టరుగా చేసినవాణ్ణి, యంత్రం చెప్పినట్టు వినాలంటే ముందు మనం దాని మాట వినాలి.

ఇక రెండో సంగతి. అక్కయ్యకి పేకాటంటే మంట అని రాశారు. మా ఇంట్లో వేసవి సెలవుల్లో అందర్నీ చుట్టూ కూచోబెట్టి ముక్కలు పంచేది అక్కయ్యే. మా నాన్నగారినే ఓడించేది. అలాంటి మనిషికి మీ ఇంటికొచ్చాక ముక్కలంటే మంట పుట్టిందంటే, అది ముక్కల వల్లో మనుషుల వల్లో నేనెలా చెప్పగలను?

ఆ దీపాలు ఎందుకు పంపానో మీకు చెప్పలేదు. నిరుడు మాఘంలో కబురందగానే బయల్దేరినా నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఊళ్లో కరెంటు లేదు. ఇక్కడ మా ఆవిడ ఆసుపత్రిలో, రెండు రోజుల్లో ఆపరేషను, తెల్లారకుండానే మళ్లీ బండెక్కాలి. అక్కయ్య ఎలాగూ లేదు, అమ్మ పెరటి చేమంతులైనా చూసి వెళదామని పెరట్లోకి వెళ్లాను. చీకట్లో ఏమీ కనపడలేదు. మడి ఎక్కడుందో కూడా తెలియకుండా అటు తిరిగి దణ్ణం పెట్టుకున్నాను. తరవాత అనిపించింది, నేను దణ్ణం పెట్టింది మీ గడ్డివామికేమోనని. అప్పుడే అనుకున్నాను, ఆ మడి ఇంకెప్పుడూ చీకట్లో ఉండకూడదని.

కనక దయచేసి వాటిని శ్రద్ధగా చూసుకోండి.

మీ విధేయుడు,
జగన్నాథరాజు


చినగరువు,
9 సెప్టెంబరు 2004

జగన్నాథానికి ఆశీస్సులు.

నువ్వు దణ్ణం పెట్టింది గడ్డివామికి కాదు. ఆ సంవత్సరం గడ్డి అమ్మేశాను. నువ్వు తిరిగిన వైపు ఉన్నది పశువుల కొట్టం. అంతకన్నా నాకు తెలియదు.

దీపాలు వెలిగాయి. ఎండ తినిపించమన్నావు, తినిపిద్దామంటే ఎండ దొరకాలి కదా. ముసురు పట్టి వారం పాటు బట్టలు కూడా ఆరలేదు. ముసురు విడిచాక వెలిగాయి. ఏడు మాత్రమే. బోరింగు పక్క మూలనున్న ఎనిమిదోది ఎంత బతిమాలినా వెలగలేదు. స్విచ్చి ఇటు తిప్పాను, అటు తిప్పాను. పలక తుడిచాను. దాన్ని పెరికి నడి ఎండలో అరుగు మీద పడుకోబెట్టాను. పక్కదాని చోటులోకి దీన్నీ, దీని చోటులోకి దాన్నీ మార్చి చూశాను. అది ఎక్కడున్నా గుడ్డిదే. చివరికి విసుగెత్తి మళ్లీ ఆ మూలే పాతి, "ఉండక్కడ" అన్నాను. దాని మొహం చూడాల్సొస్తుందని ఆ మూలకే వెళ్లడం మానేశాను. కాలవ నీళ్లు అటే పారతాయి కాబట్టి మొక్కలకి నా అవసరం లేదు. గడ్డి మాత్రం బాగా పెరుగుతోంది.

మిగతా ఏడింటికీ నేను చేస్తున్న సేవ మా నాన్నకి కూడా చెయ్యలేదు. మీ అక్క పాత చీర ముక్క చింపి, రోజూ కాఫీ తాగగానే పలకలు తుడుస్తున్నాను. దీపాల కింద కప్పలు కూచుంటున్నాయి, పైనించి పురుగులు రాలతాయని. కాపలాకి కప్పలు చేరాయి కదా అనుకుంటే కప్పల కోసం పాము వచ్చింది. పాముని చూసి కుక్క. ఇలా పోతే పెరట్లో నాకు చోటుండదు.

వెలిగిన మొదటి సాయంత్రం చిట్టియ్య చూసి, "ఏంటండీ రాజుగారూ, ఇక్కడ విమానం దిగుద్దేంటండీ?" అన్నాడు. దిగుతుందిరా, అందులోంచి మా బావమరిది దిగి నీకు స్విచ్చి ఎక్కడుందో చెబుతాడన్నాను. "ఆయ్, అయితే ఓ కొబ్బరిబొండం కొట్టి ఉంచుతానండి" అన్నాడు. కానీ జగన్నాథం, నిజం చెప్పొద్దూ, చూడముచ్చటగా ఉంది. భోజనం చేసి, వార్తలు విని, పక్క మీద వాలేదాకా కిటికీలోంచి ఆ ఏడు తెల్లటి చుక్కలూ కనపడుతూనే ఉంటాయి. మొక్కలు కూడా ఏపుగా మోకాలు దాటాయి. ఆకు నలుపు తిరిగి నిగనిగలాడుతోంది. ఇంత ఏపు మీ అక్క చేతిలో కూడా చూడలేదు.

పేకాట గురించి నువ్వు రాసింది చదివాను. మీ నాన్నగారిని ఓడించడం ఒక గొప్ప కాదు, ఆయనకి జోకరు వస్తే మీసం కదిలేది, ఊరందరికీ తెలుసు. మంట మనుషుల వల్లనేమో అన్నావే, ఆ మనుషుల్లో సెలవుకొచ్చినప్పుడల్లా నువ్వూ ఉన్నావు.

ఎనిమిదోదానికి మందు రాయి.

ఏడు దీపాల సేవకుడు,
పాపారాజు


నాగపూర్,
24 సెప్టెంబరు 2004

బావగారికి నమస్కారములు.

ఏడు వెలుగుతున్నందుకు సంతోషం. ఎనిమిదోది వెలగకపోవడం నాకు మింగుడు పడలేదు. ఏడు వెలుగుతున్నాయి కదా అని సరిపెట్టుకోకండి. అక్కయ్య మడిలో ఒక మూల చీకటిగా ఉందని రాశారు. చదివినప్పటి నుంచీ నాకు ఆ మూలే కళ్లలో మెదులుతోంది.

సెల్ పోయి ఉండవచ్చు. మామూలు టార్చి సెల్ వెయ్యకండి, అది మళ్లీ మళ్లీ ఛార్జి అయ్యే రకం. ఇక్కడి బజారులో వెతికి కొత్తది పంపిస్తాను. అందాకా దాన్ని పాతిపెట్టి "ఉండక్కడ" అనకుండా రోజూ తుడవండి. మీరు ఒక పని మొదట్లో ఎంత ఉత్సాహంగా చేస్తారో, ఏదైనా చిక్కు వచ్చిందంటే అంత తొందరగా మొహం తిప్పేస్తారు. ఇది నేనన్న మాట కాదు, అక్కయ్య అనేది.

నేను పేకాటకి కూచుంది మీరు నాలుగో మనిషి లేడని చెయ్యి పట్టుకుని లాగబట్టి.

మొగ్గ ఎప్పుడు పడుతుంది? అమ్మ ఉండగా మా పెరట్లో దసరాకే చిటికెన వేలి గోరంత మొగ్గలు కనపడేవి. ఆ ఇల్లు అమ్మేశాక కొన్నవాళ్లు పెరడంతా రొయ్యల మేత గోడౌను కట్టారట. ఇప్పుడు ఆ పచ్చచేమంతి ఈ భూమ్మీద మీ మడిలో తప్ప ఇంకెక్కడా లేదు. మొగ్గ పట్టగానే ఒక కార్డు ముక్క రాయండి. ఇంకేమీ రాయక్కర్లేదు, "పట్టింది" అని రాస్తే చాలు.

మీ,
జగన్నాథరాజు


చినగరువు,
27 అక్టోబరు 2004

జగన్నాథానికి,

పట్టలేదు.

కార్డు ముక్క మీద ఆ ఒక్క మాటా రాసి పడేద్దామనుకున్నాను. మనసొప్పక కవరు తీశాను.

దసరా వెళ్లింది. వీధిలో అందరి చేమంతులూ మొగ్గ మీదున్నాయి. ఎరువు లేదు, సేవ లేదు, చాకిరేవు నీళ్లు పోసేవాళ్ల మొక్కలు కూడా మొగ్గ తొడిగాయి. మన మడిలో ఆకు తప్ప ఏమీ లేదు. ఆకు అంటే మామూలు ఆకు కాదు, తోటకూరలా కోసి పప్పులో వేసుకోవచ్చు. నడుం ఎత్తు పెరిగాయి. కొసలు తుంచాను. వేపపిండి వేశాను. అది చాలదేమోనని పాలకొల్లు వెళ్లి ఎరువుల కొట్టువాణ్ణి అడిగితే ఏదో పొడి ఇచ్చాడు. అది వేశాక ఇంకో జానెడు పెరిగాయి. వాడి దగ్గరికి మళ్లీ వెళ్లి మొక్కలు పెరగడానికి కాదురా, ఆగడానికి మందివ్వు అన్నాను. ఆ రకం రాలేదన్నాడు.

రోజూ సాయంత్రం ఏడు దీపాలూ వెలగగానే వంగి, ఒక్కో దీపం కిందా ఒక్కో మొక్కనీ కొస నుంచి కొస దాకా చూస్తున్నాను. ఇంత వెలుతురులో కనపడని మొగ్గ ఇంకెక్కడా ఉండదు. నడుం పట్టేసి లేవలేక అక్కడే కాసేపు కప్పల పక్కన కూచుంటున్నాను.

పూలు కట్టే లోవమ్మ వచ్చింది. ఏటా మొదటి బుట్ట దేవుడికి వెళ్లాక మిగతావి అదే కోసుకెళుతుంది. గుమ్మం దగ్గర నుంచే చూసి, బుగ్గన చెయ్యి వేసుకుని, "ఇదేంటండీ రాజుగారూ, అమ్మగారి చేమంతి ఇలా గొడ్డుపోయిందేంటండీ" అంది. నాకు ఒళ్లు మండింది. గొడ్డుపోలేదు, ఆలస్యం అయిందన్నాను. "ఆలస్యం మనకవుద్దండి, చెట్టుకవదండి. మీరేదో చేసుంటారు" అంటూ బుట్ట ఊపుకుంటూ పోయింది. నేనేం చేశానే? ఏది చెయ్యలేదో చెప్పు!

పౌర్ణమికి నెల లేదు. ఖాళీ బుట్టతో ఆ గుళ్లోకి నేను వెళ్లలేను. కొట్లో కొన్న పూలు తీసుకెళ్లమని చిట్టియ్య సలహా ఇచ్చాడు. దేవుడికి తెలియకపోవచ్చు, ఆవిడకి తెలియదా?

నీ సెల్ ఇంకా రాలేదు. వచ్చినా రాకపోయినా ఒకటే. దయచేసి వచ్చే ఉత్తరంలో దీపాల గురించి రాయకు. వాటికేం, అవి దివ్యంగా ఉన్నాయి.

విసిగిపోయిన,
పాపారాజు


నాగపూర్,
8 నవంబరు 2004

బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఒకసారి బాధతో, ఒకసారి కోపంతో, మూడోసారి మా ఆవిడకి వినిపించడానికి.

నేనడిగేది సూటిగా చెప్పండి. అవి అమ్మ మొక్కలేనా? నిరుడు కడియం నర్సరీల వైపు వెళ్లానని మీరే ఒకసారి రాశారు. అక్కడి నుంచి వేరే చేమంతి తెచ్చి నాటి, అసలువి ఎండిపోతే నాకు చెప్పలేదా? నడుం ఎత్తు పెరిగే చేమంతి మా పెరట్లో ఏనాడూ లేదు. ఎండిపోయి ఉంటే ఎండిపోయాయని రాయండి. ఏడుస్తాను, ఊరుకుంటాను. ఇలా వేపపిండి కథలు మాత్రం రాయకండి.

అవే అయితే ఇంకో మాట. మీకు చేతకాకపోతే ఒక పది పిలకలు తడిగోనెలో చుట్టి నాకు పంపండి. నా బాల్కనీలో కుండీలలో పెంచుకుంటాను. అక్కయ్య చేతికి పూసిన మొక్క తమ్ముడి చేతికి పూయదా?

దీపాల గురించి రాయవద్దన్నారు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే సెల్ వెతకడానికి కొట్టుకి వెళితే ఆ కొట్టాయన అడిగాడు, తల అడుగున ఉండే ప్లాస్టిక్ ముక్క పూర్తిగా లాగారా అని. అది సెల్‌కీ తగరపు రేకుకీ మధ్యలో ఉంటుందట. సగం లోపల ఉండిపోతే ఏం చేసినా వెలగదట. మీ మొదటి ఉత్తరం తీసి చూశాను. తెగిందనీ వదిలేశాననీ మీరే రాశారు. మూడు నెలలుగా నేను మందులు రాస్తున్నాను, మీరు ముల్లు కాలిలోనే ఉంచుకుని కుంటుతున్నారు. తల విప్పి గుండుసూదితో ఆ ముక్క తీసేయండి, వెలుగుతుంది. ఎందుకైనా మంచిదని కొత్త సెల్ కూడా పంపాను.

ఆ ఒక్క మూలైనా నా మాట విని వెలిగించండి. ఇంతకంటే ఏమీ అడగను.

జగన్నాథరాజు


చినగరువు,
29 నవంబరు 2004

జగన్నాథానికి,

ఇది నెమ్మదిగా చదువు. మీ ఆవిడకి వినిపించేదుంటే ముందు కుర్చీ వేసి కూచోబెట్టు.

నీ ఉత్తరం అందిన రోజున నాకొచ్చిన కోపానికి రెండు రోజులు అన్నం సయించలేదు. చేతకాకపోతే పిలకలు పంపమంటావా? మీ అక్కని పంపినప్పుడు మీ ఇంట్లో ఎవరూ నన్ను చేతనవునా అని అడగలేదు. మూడో రోజు పొద్దున్నే పలుగు తీసుకుని పెరట్లోకి వెళ్లాను. నీ ఎనిమిదో దీపాన్ని పెరికి కాలవలో గిరాటెయ్యాలని. గుండుసూదితో ముక్క తియ్యడం కాదు, దాని పీడే వదిలించుకోవాలని.

ఆ మూల గడ్డి తొడల దాకా ఉంది. దాన్ని తొక్కుకుంటూ వెళ్లి దీపం మెడ పట్టుకున్నాను. చేతికి ఏదో మెత్తగా తగిలింది. వంగి చూద్దును కదా, మొగ్గలు. ఒకటీ రెండూ కాదు, కొమ్మ కొమ్మకీ. కొన్ని విచ్చి రేకులు చూపిస్తున్నాయి. అవే, మీ అమ్మగారి పచ్చచేమంతులే, నడుం ఎత్తు కాదు, మోకాలి ఎత్తునే ఉన్నాయి. పలుగు అక్కడే పడేసి గడ్డిలో చతికిలబడ్డాను.

ముందు నాకొచ్చిన ఆలోచన ఏంటంటే, వీటికి సేవ చేస్తే పడదు కాబోలు, తిట్టి వదిలేస్తే పూస్తాయి కాబోలని. మీ వంశంలో అలాంటివాళ్లున్నారు. కానీ ఎరువుల కొట్టువాడి పొడి మడి పొడుగునా చల్లాను, ఈ మూలకి కూడా దూరం నుంచే గుప్పెడు విసిరాను. నీళ్లూ అవే, మట్టీ అదే. అప్పుడు లేచి నిలబడి మడి మొత్తం చూశాను. ఎనిమిదో దీపం చుట్టూ జల్లెడంత మేర పసుపు. అక్కణ్ణించి ఏడో దీపం వైపు వస్తుంటే మొగ్గ సన్నబడుతూ, సన్నబడుతూ, వెలుతురు పడే చోటికి వచ్చేసరికి ఒట్టి ఆకు. ఏడూ అంతే. ఒక్కో దీపం చుట్టూ పళ్లెం బోర్లించి గీత గీసినట్టు గుండ్రంగా నల్లటి ఆకు, ఒక్క మొగ్గ లేదు.

జగన్నాథం, వాటికి మనం రాత్రి లేకుండా చేశాం. పొద్దు తగ్గి చలికాలం వచ్చిందని అవి తెలుసుకోవాలంటే చీకటి పడాలి కదా. నువ్వు పంపిన దీపం పడనివ్వలేదు, నేను తుడిచిన పలక పడనివ్వలేదు. పాపం అవి ఇంకా ఆషాఢమే అనుకుని ఏపుగా పెరుగుతూ కూచున్నాయి. ఎంత బాగా తుడిచానో అంత చెడగొట్టాను.

అక్కడ నిలబడే ఉన్నాను, పెట్రోమాక్స్ గుర్తొచ్చింది.

వినాయక చవితి వెళ్లగానే. ప్రతి ఏడూ. పెరటి అరుగు మీంచి వీధి అరుగు మీదికి. వేసవిలో ఎన్ని రాత్రులు అదే పెరటి అరుగు మీద తెల్లవార్లూ ఆడినా ఆవిడ కిమ్మనలేదు. పైగా మజ్జిగ తెచ్చి ఇచ్చేది. చవితి నుంచి పౌర్ణమి దాకానే ఆ లైటు ఎత్తుకుపోవడం. మీ అమ్మగారు చెప్పి పంపారో, ఆవిడే కనిపెట్టిందో మరి. ఆవిడకి మంట పేకాట మీద కాదు, మన మీదా కాదు. మొక్కలకి నిద్ర కావాలి, అంతే. ఆ ముక్క నోటితో చెప్పొచ్చు కదా మహాతల్లి! చెబితే ఏమనేవాళ్లం, నవ్వేవాళ్లం. నవ్వుతామని తెలిసే చెప్పలేదు. ముప్పై ఎనిమిదేళ్లు మా ఆటని వీధిలోకి నడిపించి తన పూలు తను పూయించుకుంది. నేను పేకాటలో ఆవిడ మీద గెలిచాననుకుంటూ బతికాను.

కనక నువ్వన్నది నిజం. ముక్కలంటే ఆవిడకి మంట లేదు. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ నాన్నగారి మీసం సంగతి మాత్రం తీసుకోను.

పౌర్ణమికి బుట్ట నిండలేదు. ఆ ఒక్క మూల పూసినవన్నీ కోసినా అడుగు కప్పాయి, అంతే. పాలకొల్లు బస్సులో ఒడిలో పెట్టుకుని వెళ్లాను. కార్తీక పౌర్ణమి రద్దీ నీకు తెలియనిది కాదు, ఆ తోపులాటలో బుట్ట నలగకుండా నెత్తి మీద పెట్టుకున్నాను. పూజారిగారు చూసి, "ఈసారి తక్కువ తెచ్చారేంటండీ?" అన్నారు. దీపాలు ఎక్కువయ్యాయండి అన్నాను. గుడి నిండా కార్తీక దీపాలే కదా, ఆయన తలూపి తీసుకున్నారు. తప్పలేదు జగన్నాథం. కొంచెమే అయినా తప్పలేదు.

ఏడు దీపాలనీ మొగ్గలు చూసిన రోజే మడిలోంచి పెరికేశాను. పారేస్తానని భయపడకు. వీధి అరుగు ముందు వరసగా గుచ్చాను, ఆవిడ పెట్రోమాక్స్ తెచ్చి పెట్టిన చోటే. రోజూ తుడుస్తున్నాను, చీర ముక్కతోనే. సాయంత్రం అవి వెలగగానే చిట్టియ్య వచ్చి కూచుంటున్నాడు. "విమానం ఇటు తిరిగిందేంటండీ?" అంటాడు. నిన్న అప్పారావు కూడా సైకిలు స్టాండేసి కూచున్నాడు. ముక్కలు తెచ్చాను. నాలుగో మనిషి లేడు.

నువ్వు పంపిన కొత్త సెల్ కూడా అందింది. దాన్ని గూట్లో పెట్టాను. ఎనిమిదో దీపం తల విప్పి చూశాను, నువ్వన్నట్టే తగరపు రేకుకీ సెల్‌కీ మధ్య ఆ సగం ముక్క ఇరుక్కుని ఉంది. గుండుసూది చేతిలో ఉంది. తియ్యలేదు. తల మళ్లీ బిగించి ఆ మూలే పాతాను. ఇప్పుడు మొత్తం మడిలో నీ పేరున అదొక్కటే ఉంది. అది మాత్రం వెలగదు. నువ్వు నా మీద అలగకు.

లోవమ్మ వచ్చి చూసి, మిగతావి మాఘానికి పూస్తాయంది. ఎలా తెలుసే అంటే, "చూస్తన్నాను కదండీ" అంది. మీ అక్క తద్దినం మాఘంలోనే. పిలకలు అడిగావు, ఇస్తాను. పోస్టులో మాత్రం పంపను, అప్పారావు సైకిలు మీద నాకు నమ్మకం లేదు. నువ్వే వచ్చి తడిగోనెలో చుట్టుకుని తీసుకెళ్లు. కుండీలు మీ బాల్కనీలో వీధిలైటు పడే వైపు పెట్టావంటే మాత్రం నిన్ను నేను బతకనివ్వను.

నిరుడొచ్చిన రైలుకే వస్తే మళ్లీ చీకటి పడ్డాకే దిగుతావు. కరెంటు ఉండదు, మాకు ఎప్పుడుంది గనక. నేరుగా పెరట్లోకి వెళ్లు. టార్చి తేకు. కొట్టం దాటి కుడి పక్కకి తిరిగితే చేమంతి వాసన వస్తుంది. అది ఎక్కడ ఎక్కువగా ఉంటే అటు తిరిగి దణ్ణం పెట్టుకో. ఈసారి గురి తప్పదు.

తరవాత వీధి అరుగు మీదికి రా. ముక్కలు పంచి ఉంచుతాను.

మీ బావ,
పాపారాజు